కాళి పోసిన నీళ్లు

కాళి యాడి చేతిలో మా ఇంటి స్టీలు చెంబు ఉంది. దాన్నిండా నీళ్లు. చుట్టూ మా పెరట్లో నలభై మంది జనం.

"పొయ్యి," అన్నాడు హీర్యా నాయక్. మా తండాకు పెద్ద ఆయనే. "అందరి ముందట పొయ్యి. తీజ్ అయిపోయే నాటికి ఈ చెట్టు పచ్చగుంటె నువ్వు తండాల ఉంటవ్. ఎండితె నీ బిడ్డ కాడికి పోతవ్. గంతే ముచ్చట."

కాళి యాడికి డెబ్బై దాటాయి. తండా అంతా ఆమెను యాడి, అంటే అమ్మ, అనే పిలుస్తాం. చెంబు వంచింది. సగం నీళ్లు ఆమె పాదాల మీదే పడ్డాయి. మిగతా సగం ఇప్పమొక్క మొదట్లో పోసి, ఖాళీ చెంబుతో నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఆమెను ఆ చెట్టు ముందు నిలబెట్టిన మాట నా నోట్లోంచి వచ్చిందే.

ఇది పోయిన శ్రావణం ముచ్చట. మాది గూడూరు దాటాక అడవి అంచున ఉన్న తండా. ఆ రోజుకు మా పెరట్లో ఏడు చెట్లు ఎండిపోయాయి. మొర్రి, తునికి, కరక, నల్లమద్ది, ఉసిరి, రెండు మోదుగలు. మిగిలింది ఇప్ప ఒక్కటే.

అవి నర్సరీలో తెచ్చిన మొక్కలు కావు. కాటారం అవతల నేను పుట్టిన తండా బొగ్గు గని కింద పోతుందని ఖాయమైనప్పుడు, మా యాడి పెరట్లో పెద్ద చెట్ల నీడన మొలిచిన పిల్లమొక్కల్ని వేళ్లు తెగకుండా తవ్వాను. సిమెంటు సంచుల్లో అక్కడి మట్టితోనే పెట్టి, మూడు బస్సులు మారి తెచ్చుకున్నాను. కండక్టర్లు తిట్టారు. పక్క సీటు వాళ్లు నవ్వారు. నాలుగేళ్లలో అవి నా తల దాటి పెరిగాయి. ఇప్పుడు మా పుట్టింటి చోట ఒక గుంత ఉంది. అంచున నిలబడితే అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. మా యాడి ఆ గుంత చూడకముందే కన్ను మూసింది.

ఆ తండాలో పుట్టిన మనిషి ఇక్కడ నేను కాక ఇంకొకరే ఉన్నారు. కాళి యాడి. అరవై ఏళ్ల కింద కోడలిగా వచ్చింది. భర్త పోయాడు, కూతురు సుమను కొడకండ్ల దగ్గర తండాలో ఇచ్చింది, ఒంటరిగా ఉంటోంది. నా మొక్కలు వచ్చిన రోజు చూసి, ఒక్కొక్క ఆకు నలిపి వాసన పీల్చి, ఇది మీ ఇంటి ముందటి మొర్రి పిల్ల, ఇది మీ నాయిన మేకల్ని కట్టేసిన తునికి పిల్ల అని వరసబెట్టి చెప్పింది. ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చేది. నీళ్లు పోసేది. ఆకుల వెనక గొంగళిపురుగుల్ని చేత్తో ఏరి బూడిద డబ్బాలో వేసేది. ఏ చెట్టుకు పురుగు ఎక్కువ ఉంటే ఆ చెట్టు కిందే గంటల కొద్దీ కూర్చునేది.

ఆషాఢంలో మొదట మొర్రి పోయింది. కొస ఆకులు పాలిపోయి, పసుపై, వారంలో రాలిపోయాయి. తర్వాత తునికి. తర్వాత కరక.

నా అనుమానం మా బావ ప్రేమ్‌సింగ్ మీదికి పోయింది. నా భర్త ప్రకాశ్‌కు అన్న. ఆ పెరట్లో సగం తనదని, ట్రాక్టరుకు షెడ్డు వేసుకుంటానని రెండేళ్లుగా అంటున్నాడు. ఉప్పు పోశాడేమోనని చెట్టు మొదట్లో మట్టి తవ్వి నాలుక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు లేదు. యాసిడ్ వాసన లేదు. కాండానికి గాటు లేదు. మూడు రోజులు పొలం పని మానుకుని, కిటికీ సందులోంచి పెరడు కాపలా కాశాను. కోడి, రోజూ వచ్చే కాళి యాడి తప్ప ఎవరూ రాలేదు. నాలుగో చెట్టు, నల్లమద్ది, నా కళ్ల ముందే పసుపెక్కింది.

ఆ పొద్దు బావను మొహాన్నే అడిగేశాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు.

"షెడ్డు కావాల్నంటె గొడ్డలి తెస్త గాని, దొంగలెక్క మందు పెడ్తనా? పొద్దుగాల్నే వచ్చి నీ చెట్ల కింద గూసుండేది నేనా, ఆ ముసల్దా? ఆమె గూసున్నదే ఎండుతుంది. కండ్లు దెరిచి చూడు."

చూశాను. నిజమే. మొర్రి కింద కూర్చుంది, మొర్రి పోయింది. తునికి కింద కూర్చుంది, తునికి పోయింది. మరుసటి రోజు నల్లా దగ్గర బిందె నింపుతూ, ఎవరో చెట్ల గురించి అడిగితే, విసుగులో అనేశాను: "ఏమో, కాళి యాడి చెయ్యి పడ్డదే ఎండుతున్నది."

అంతే. ఆరు మాటలు. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

సాయంత్రానికి ఆ మాట తండా అంతా తిరిగింది. ఎవరి మేకో ఈచుకుపోయి కడుపు పోతే ఆ పొద్దు కాళి దాన్ని నిమిరిందన్నారు. ఎవరి పిల్లకో జ్వరమొస్తే కాళి ఎత్తుకుందన్నారు. పెద్దమనుషులు మొదట నవ్వారు. అయిదో చెట్టు పోయాక నవ్వలేదు. బాణామతి అనే మాట ఎవరు మొదట అన్నారో తెలియదు. నేను అనలేదు. కానీ అన్నవాళ్లను ఆపలేదు.

తీజ్ మొదలైంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోసే పండుగ. బుట్టల్లో మొలక ఎంత పచ్చగా లేస్తే తండాకు అంత మంచిదంటారు. ప్రతి ఏడూ మొదటి పాట ఎత్తేది కాళి యాడే. ఆ ఏడు ఆమె రాగానే తల్లులు గబగబా బుట్టల్ని కొంగుల కింద దాచారు. ఆమె నోరు తెరిచి, పాట రాక, అట్లాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రమే హీర్యా నాయక్ పరీక్ష పెట్టాడు. తొమ్మిది రోజులు. ఒక్క చెట్టు.

జనం వెళ్లిపోయాక నేను ఇప్పమొక్క దగ్గరికి పోయాను. ఆమె గెలవాలని ఎంత అనుకున్నానో చెప్పలేను. నా నోటితో కట్టిన ముడిని ఈ చెట్టు విప్పితే చాలు. ఆకులు తిప్పి చూశాను. వెనకంతా గొంగళిపురుగులు. కాళి యాడిని ఇక పెరట్లోకి రానివ్వరు, ఏరేవాళ్లు లేరు. తొమ్మిది రోజుల్లో ఇవి ఆకుల్ని జల్లెడ చేసి పెడతాయి. దాన్ని కూడా ఆమె చేతికే అంటగడతారు.

అప్పుడే ప్రకాశ్ పత్తి చేను నుంచి వచ్చాడు. వీపు మీది పంపు దించాడు. అడుగున ఇంకా రెండు మూడు లీటర్ల మందు ఉంది.

"వాకిట్ల పారబొయ్యకు, కోళ్లు తాగుతయి," అన్నాడు, ఎప్పటిలాగే.

ఎప్పటిలాగే నేను ఆ పంపు భుజానికి తగిలించుకున్నాను. నాలుగేళ్లుగా నాకది అలవాటు. పత్తికి కొట్టగా మిగిలిన మందును పురుగు పట్టిన చెట్టుకు కొట్టేదాన్ని. తెల్లారేసరికి పురుగులు రాలిపోయి ఉండేవి, చెట్లు నిగనిగలాడేవి. ఆ సాయంత్రం ఇప్పమొక్కకు ఆకు ఆకుకీ, ముందూ వెనకా, కొమ్మల సందుల్లో కూడా కొట్టాను. ఒక్క పురుగూ మిగలకూడదు. చివరి చుక్క దాకా కొట్టాను. మర్నాడు చూస్తే అన్నీ చచ్చి కింద పడి ఉన్నాయి. ఇన్ని రోజుల్లో నేను చేసిన ఒక్క మంచిపని ఇదే అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

మూడో రోజు చెట్టు బాగుంది. కాళి యాడి కంచె అవతల నిలబడి చూసి పోయింది. అయిదో రోజు కొస చిగురు పాలిపోయినట్టు అనిపించింది. ఎండ అని సర్దిచెప్పుకున్నాను. ఏడో రోజు ఎండ కాదని తెలిసింది. ఆ రెండు రోజులూ నేను చేయని పని లేదు. పేడనీళ్లు పోశాను, గోనెసంచులు కట్టి నీడ చేశాను, మా యాడిని తలుచుకుని చెట్టును పట్టుకుని ఏడ్చాను. ఆకులు నా భుజాల మీద రాలాయి.

తొమ్మిదో రోజు ఆడపిల్లలు తీజ్ బుట్టలు నెత్తిన పెట్టుకుని వాగుకు పోతున్నారు. డప్పులు మోగుతున్నాయి. హీర్యా నాయక్ ఆ గుంపులోంచి పక్కకు వచ్చి, మా పెరట్లో ఒక ఆకు తెంపి, అరచేతిలో నలిపాడు. అది పొడి అయింది. ఆయన చెయ్యి దులుపుకుని మళ్లీ డప్పుల వెనక నడిచాడు. కాళి యాడి అప్పటికే మూట కట్టుకుని తన గుమ్మంలో కూర్చుని ఉంది.

రోడ్డు దాకా నేనే తోడు పోయాను. దారి పొడుగునా ఆమె ఏడవలేదు. బస్సు దూరంగా కనిపించాక మాత్రం తన కుడిచేతిని ఎదుట పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఎప్పుడు ఖరాబైందో నాకు ఎరుకలేదు బిడ్డా. ఎరుకైతె మీ యాడి చెట్ల దిక్కు వచ్చేదాన్నే గాదు."

నేను కాళ్లకు మొక్కబోయాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకుని వెనక్కి జరిగింది. బస్సు ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకోవడానికి కూడా భయపడింది. కండక్టరు రెక్క పట్టి పైకి లాగాడు.

తర్వాత పది రోజులకు ఇప్పమొక్క మొదట్లో చిగుర్లు వచ్చాయి. దగ్గరికి పోయి చూస్తే అవి వింత చిగుర్లు. సన్నగా, సూదుల్లా, పాలిపోయి, ఒకే చోట గుత్తిగా. ఏదన్నా బలం మందు వేస్తే బతుకుతుందేమోనని ఒక కొమ్మ విరిచి, గూడూరులో రామ్మోహన్ సారు దుకాణానికి తీసుకుపోయాను. వాళ్లది ఆ పక్కన పెద్ద వ్యవసాయ కుటుంబం. విత్తనాలు, ఎరువులు, మందులు అమ్ముతాడు. మా తండాకు అన్నీ అక్కడి నుంచే.

ఆయన కొమ్మను వెలుతురులో పట్టి ఒక్క నిమిషం చూశాడు.

"గడ్డిమందు తగిలిందమ్మా."

కాదన్నాను. నేను కొట్టింది పత్తికి కొట్టే మందేనని చెప్పాను. ఆయన ఆ మందులో ఏమేం కలిపారని అడిగాడు. కలుపు తీయడానికి కూలీలు దొరక్క, ఈ ఏడు ప్రకాశ్ పురుగుమందూ గడ్డిమందూ ఒకే పంపులో పోసి, ఒకే తడవలో కొడుతున్నాడని చెప్పాను. అది నాకు తెలుసు. తెలిసే కొట్టాను. పత్తి మీదుగా కొడుతుంటే నేనే పక్కన నిలబడి చూశాను. గడ్డి మాడిపోయింది, పత్తికి ఒక్క ఆకు వాడలేదు. లేత పత్తిమొక్కకే ఏమీ కానిది, నా తల దాటిన చెట్లకేమవుతుంది?

రామ్మోహన్ సారు దుకాణంలో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించాడు.

"పత్తికి కాదు. ఆ విత్తనం వేరే. గడ్డిమందుకు తట్టుకునేటట్టు తయారు చేసిండ్రు. అది తప్ప ఇంకేది తట్టుకోదు, నీ ఇప్పయినా, మర్రయినా. వారం పది రోజులు పడ్తది, గంతే. ప్రకాశ్‌కు చెప్పిన గదా, ఆ మందును చేను దాటనియ్యకని."

ప్రకాశ్ నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

"ఇంకో మాట. ఆ విత్తనానికి పర్మిషన్ లేదు. నువ్వు ఈ కొమ్మ పట్టుకొని నాలుగు దిక్కుల తిరిగి నన్ను పరేషాన్ చెయ్యకు. నాకంటె మీకే ఎక్కువ నష్టం."

బయటికి వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. లెక్క దానంతటదే తేలింది. పురుగు ఎక్కువ ఉన్న చెట్టు కింద కాళి యాడి పొద్దున కూర్చునేది. పురుగు ఎక్కువ ఉన్న చెట్టుకే నేను సాయంత్రం మందు కొట్టేదాన్ని. ఎనిమిది చెట్లు. ఎనిమిది సాయంత్రాలు. పరీక్ష పెట్టిన రోజు ఆమె చెంబు దించిన గంటలోపే, ఆమెను గెలిపించాలని, ఆకు ఆకుకీ నేను పూసింది అదే.

ఇంటికి పోయి ప్రకాశ్‌కు అంతా చెప్పాను. నాయక్ దగ్గరికి పోదాం పద అన్నాను. అతను తలుపు దగ్గరికి వేశాడు.

"ఆ ఇత్తనం తండాల ముప్పై ఇండ్లకు తెచ్చింది నేను," అన్నాడు. "ముచ్చట బయటికి పోతె ఆఫీసర్లు దిగుతరు. కాయ పట్టే పత్తిని దున్నిస్తరు. అప్పుడు తండా ఎవల్ని కొడ్తది? ముసల్దాన్నా, మననా? పత్తి ఏరినంక చెప్దాం జమునా. రెండు నెలలు. ఆమె బిడ్డ ఇంట్ల సల్లగనే ఉన్నది గదా."

సల్లగా ఉంది గదా. ఆ మాట పట్టుకున్నాను. పొద్దున లేచి ఈ రోజు చెప్పాలనుకునేదాన్ని. పొద్దు గూకేసరికి రేపు అనుకునేదాన్ని. మా బావ నా కళ్ల ముందే ఎండిన చెట్లను గొడ్డలితో నరికి షెడ్డుకు గుంజలు పాతాడు. ఎవరి మీదా ఏదీ అనే నోరు నాకు లేకుండా పోయింది.

ఒక బుధవారం సుమ ఫోన్ చేసింది. కాళి యాడి కుడిచేతికి గుడ్డ చుట్టుకుందట. విప్పమంటే విప్పదట. మనవరాలు పాకుతూ వస్తే మంచం ఎక్కి కాళ్లు ముడుచుకుంటుందట. ఆ చేత్తో ముట్టిన అన్నం మంచిది కాదని తినడం మానేసిందట. కూతురు కలిపి నోట్లో పెడితే రెండు ముద్దలు తిని, మిగతాది కుక్కకు కూడా వెయ్యవద్దంటుందట. జనగామ దవాఖానలో చూపిస్తే, రోగమేం లేదు, తినిపించండి అన్నారట.

"నువ్వు జర వచ్చి చెప్పక్కా," అంది సుమ. "మీ ఇద్దరిది ఒక్క తండా. నీ మాటైతె ఇంటది. నీ చెట్లే గదా, నువ్వొచ్చి ఏం గాలేదు అంటె చాలు."

ఆదివారం వస్తానన్నాను. బుధవారం బస్సులు ఉన్నాయి. గురువారం ఉన్నాయి. శుక్రవారం కూడా ఉన్నాయి. పోతే ఏం చెప్పాలో ప్రకాశ్‌తో మాట్లాడి తేల్చుకుందామనుకున్నాను. మాట్లాడలేదు.

శనివారం పొద్దున కాళి యాడి చచ్చిపోయింది.

మధ్యాహ్నానికి సుమ తల్లిని ట్రాలీ ఆటోలో తీసుకొచ్చింది. ఆటో తండా మొదట్లో ఆగిపోయింది. ముందట హీర్యా నాయక్, మా బావ, ఇంకో ఇరవై మంది అడ్డం నిలబడ్డారు. శవం మీద కప్పిన దుప్పటి లోంచి గుడ్డ చుట్టిన చెయ్యి ఒక్కటి పక్కకు జారి ఉంది. ఎవరూ దాని దిక్కు చూడటం లేదు.

మా బాపును కాల్చిన చోటనే కాలుస్తా, ఇంకేం అడగను అని సుమ దండం పెట్టింది. కాల్చి అటునుంచి అటే పోతానంది. మా బావ ఒప్పుకోలేదు. ఆ బూడిద వాగులో కలిస్తే కింది చేలన్నీ పోతాయన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగా భయపడుతున్నాడు. ఆ భయం నేను బిందె ఎత్తుకుంటూ ఇచ్చి వచ్చిందే.

హీర్యా నాయక్ కఠినుడు కాదు. "నాకు మాత్రం బాధ లేదా సుమా? నేను చిన్నప్పటి సంది ఆమె పాటకు ఆడినోన్ని. గని ఎనిమిది చెట్లు అందరి కండ్ల ముందట సచ్చినయి. ఒక్కటిగాదు, రెండుగాదు. ఉప్పు లేదు, గాటు లేదు. ఆమె గాకపోతె మరి ఎవలు జేసిండ్రు? మీరు చెప్పుండ్రి. ఎవలన్న ఒక్క పేరు చెప్పుండ్రి, నేనే కట్టె మోస్త."

జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదది. ప్రకాశ్ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. వాగు అవతల తండా పత్తి అంతా కాయ మీద ఉంది. మాదీ, బావదీ, ఆ ముప్పై ఇళ్లదీ.

చెయ్యి విడిపించుకుని ఆటో దగ్గరికి నడిచాను. దుప్పటి లోంచి జారిన ఆ చేతికి చుట్టిన గుడ్డ ముడి విప్పాను. బాగా బిగిసి ఉంది, పళ్లతో లాగాల్సి వచ్చింది. లోపల చెయ్యి తడికి నాని తెల్లగా, ముడతలు పడి, చిన్నపిల్ల చెయ్యంత ఉంది. దాన్ని నా తల మీద పెట్టుకున్నాను. వెనక ఎవరో ఆడమనిషి అమ్మో అంది.

తర్వాత నాయక్ వైపు తిరిగాను.

"నేను," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. సుమకు కూడా అర్థం కాలేదు. నా వైపు చూస్తూనే ఉంది. నా గొంతు నాకే వినబడలేదేమోనని మళ్లీ, తండా చివరి ఇంటిదాకా వినబడేటట్టు చెప్పాను.

"చంపింది నేను, నాయక్. గడ్డిమందు కొట్టి చెట్లను, నోరు మూసుకొని ఈమెను. నేను, జమునను."